మిల్లు వైపు

"...అలాగని మళ్ళీ ఇంజన్ని నేలమీదే పడీసి దొర్లించుదారంటే, ఈ రెండో కాలు కూడా దానికే ఇచ్చీమంటావేటప్పా?"

"నీ కాలొక్కటే కనబడతన్నాదేటి నీకు? ఆయన నడుం సంగతి తెల్దా? నీకు సూపించుకోడానికి మచ్చుంది, ఆయనకి అదీ నేదు."

"అందుకే కదా స్టాండు అంటన్నాను."

"అంటన్నావు. పండగెళ్ళిన కాణ్ణించీ అంటన్నావు. ఆయన్ని కూకోబెట్టి ఒప్పించలేవు గానీ, ఇజీనారం ఎల్లిపోతానని నన్ను బెదిరించడం మాత్రం వచ్చు."

ట్రాక్టరు కింద గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని ఆయిల్ ప్లగ్గు బిగిస్తున్న జగన్నాధానికి ఈ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. ప్లగ్గు ఎప్పుడో బిగిసిపోయింది. అయినా స్పానరు పెట్టి తీస్తూ, తీసి పెడుతూ చప్పుడు చేస్తూనే ఉన్నాడు. చప్పుడు ఆగితే తను వింటున్నట్టు వాళ్ళకి తెలిసిపోతుంది. తెలిస్తే బయటికి రావాలి. బయటికి వస్తే ఏదో ఒకటి చెప్పాలి.

షెడ్డు వెనక నీళ్ళ తొట్టి దగ్గర తగువాడుకుంటున్నది అతని భార్య బుల్లమ్మ, ఆమె తమ్ముడు దేవేంద్ర. దేవేంద్ర మీసాలు రాకముందు బావ దగ్గర పనికి చేరాడు. ఇప్పుడు అతని మీసాల్లో తెలుపు కనబడుతోంది. బావా బావమరుదులిద్దరూ కలిస్తేనే ఆ షెడ్డు.

రాజాంలో పాలకొండ రోడ్డు మీద, ఒక రైసు మిల్లుని ఆనుకుని ఉంటుంది అది. పైన బోర్డు ఉంది గానీ రంగు వెలిసి పేరు కనబడదు. చుట్టుపక్కల రైతులకి బోర్డుతో పనిలేదు. ట్రాక్టరు నల్లపొగ కక్కితే "జగన్నాధం కాడికి తోలీ" అనుకుంటారు. సంతకవిటి అవతల మెట్టా పల్లం కలిసి కొద్దిపాటి భూమి ఉన్న కుటుంబం అతనిది. తండ్రి ఎద్దులతో దున్నాడు. ఊళ్ళోకి మొదటి ట్రాక్టరు వచ్చిన ఏడు జగన్నాధం దాని వెనకాల పడి వెళ్ళినవాడు మళ్ళీ ఎద్దుల మొహం చూడలేదు. నూనె మార్చడం, బ్రేకులు సరిచెయ్యడం అందరూ చేస్తారు. అరిగిపోయిన పెద్ద ఇంజనుని ట్రాక్టరు నుంచి విడదీసి, ఆఖరి నట్టు దాకా విప్పి, మళ్ళీ మొదటి నట్టు నుంచి కట్టుకురావడం కొందరే చేస్తారు. ఆ కొందరిలో అతని పేరు ముందు వస్తుంది.

కట్టడంలో కూడా ఒక పద్ధతి ఉంది. ఇంజను పై సగం దేవేంద్ర కట్టొచ్చు. కింద సగం, అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టూ, దాన్ని ఇంజను ఒళ్ళయిన బ్లాకుకి అదిమి పట్టే క్యాపులూ, జగన్నాధం తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. అతను కింద సగం కడుతుంటే పక్కనున్నవాళ్ళు మాట్లాడకూడదు కూడా. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. దేవేంద్ర వచ్చేసరికే ఉంది.

ఇంకో పద్ధతి ఇంజను సొంతదారుది. ఇంజను విప్పిన రోజు రైతు తన ఊరి నుంచి నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని రావాలి. పాత టైర్లు పరిచి, చైన్ పుల్లీతో ఇంజనుని వాటి మీదికి దించుతారు. దాన్ని బోర్లా తిప్పాల్సి వచ్చినప్పుడు రైతు ముందుగా బ్లాకు మీద అరచెయ్యి ఆనించి "ఊఁ" అంటాడు. అప్పుడు అందరూ కలిసి దొర్లిస్తారు. సొంతదారు చెయ్యి పడకుండా ఇంజను బోర్లా పడకూడదని అక్కడి లెక్క.

బోర్లా పడుకున్న ఇంజనుకి ఒక పక్క మిల్లు గోడ, ఒక పక్క రోడ్డు. ప్రతి ఇంజనూ అక్కడే, అలాగే పడుకుంటుంది. అందుకని ఆ షెడ్డులో కుడీ ఎడమా లేవు. "మిల్లు వైపు బోల్టు వదులు చెయ్యి", "రోడ్డు వైపు పైపు తీసీ" అంటేనే అందరికీ అర్థమవుతుంది. విప్పిన క్యాపుల్ని జగన్నాధం ఒక చెక్క మీద అవి ఇంజనులో ఉన్న వరసలోనే పేరుస్తాడు. మిల్లు వైపున్న అంచు మిల్లు వైపే ఉంచుతాడు. కంపెనీవాళ్ళు వాటి మీద అంకెలు కొట్టి పంపుతారు నిజమే. కానీ అతని దగ్గరికి వచ్చే ఇంజన్లు నాలుగు చేతులు మారినవి, అంకెలు అరిగినవి, అంకె మీద అంకె కొట్టినవి. అంకెలు అబద్ధమాడతాయి, మిల్లు ఆడదు అనేవాడు అతను.

పోయిన ధాన్యం రోజుల్లో ఒక ఇంజనుని దొర్లిస్తుంటే, టైరు మీద నూనె ఒలికి ఉన్న సంగతి ఎవరూ చూసుకోలేదు. బ్లాకు జారి దేవేంద్ర ఎడమ పాదం మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ నడక అతుక్కోలేదు. అతను మంచం మీద ఉండగానే విజయనగరంలో ఒక ట్రాక్టర్ల షోరూము నుంచి కబురొచ్చింది. అక్కడ ఇంజను నేలమీద పెట్టరట. నిలబడి చేస్తారట. దేవేంద్ర అవుననలేదు, కాదనలేదు. షెడ్డులో స్టాండు పెడితే ఉంటాను, లేకపోతే ఈ దుక్కులు మొదలయ్యేలోగా వెళ్ళిపోతాను అని అక్కతో అన్నాడు. బావతో అనలేదు.

దేవేంద్ర వెళ్ళిపోతే పెద్ద ఇంజను మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కదని జగన్నాధానికి తెలుసు. వంగితే లేవలేని నడుంతో తను ఒక్కడూ నూనె మార్చుకుంటూ కూర్చోవాలి. స్టాండు వద్దని అతను ఏనాడూ అనలేదు. ఎలాంటి స్టాండు అన్నదే అతనికి తెమలలేదు.

మొదట చంద్రమౌళి గారి కొట్టుకి వెళ్ళాడు. తాతల నాటి నుంచి ఇనప సామాను అమ్ముతున్న వర్తక కుటుంబం ఆయనది. కొట్టు మధ్యలో ఎర్రరంగు స్టాండు ఒకటి నిలబెట్టి ఉంది. ఒకటే స్తంభం, దాని మొహాన నాలుగు ఇనప వేళ్ళు. ఇంజనుని వెనక నుంచి ఆ వేళ్ళతో పట్టుకుంటే ముందుభాగం గాలిలో ఉంటుంది. చంద్రమౌళి దాని పిడిని చూపుడువేలితో తిప్పి చూపించాడు. చీర మడత విప్పి చూపించినంత సుఖంగా తిరిగింది.

ఉత్త స్టాండు ఎవరు తిప్పినా తిరుగుతుంది. జగన్నాధం దాని చుట్టూ నడిచాడు. కారులో ఇంజనుని బండి మోస్తుంది. ట్రాక్టరులో ఇంజనే బండిని మోస్తుంది. ముందు ఇరుసు దానికే బిగిస్తారు, వెనక గేరుబాక్సు దానికే బిగిస్తారు. అందుకే అంత ఇనుము పోసి చేస్తారు. అంత బరువుని ఒక్క చివర పట్టుకుని వేలాడదీయడం అతని కంటికి ఆనలేదు.

"ఎనకాల పట్టుకుంటే ఎనకాల నూనె సీలు ఎలాగెయ్యాల సావుకారూ?" అని అడిగాడు.

"అది మీ పని గదా మేస్త్రీ, నాకేం తెలుసు?" అన్నాడు చంద్రమౌళి. తీసుకెళ్ళి చూడండి, నచ్చకపోతే మడిచి తెచ్చెయ్యండి అని కూడా అన్నాడు. జగన్నాధం దాన్ని ఎలా మడుస్తారా అని ఇంకాసేపు చూసి వచ్చేశాడు.

తర్వాత దేవేంద్ర ఫోనులో ఒక వీడియో చూపించాడు. అందులో ఎవరో తెల్లని నేల మీద తెల్లని బట్టలతో ఇంజనుని పక్క నుంచి పట్టుకుని తిప్పుతున్నారు. జగన్నాధం బావమరిది ఫోనుని కూడా అడ్డంగా, నిలువుగా తిప్పుకుని చూశాడు. ఆ పక్కనే కదా డీజిలు పంపు ఉండేది. పక్క నుంచి పట్టుకుంటే పంపు ఎక్కడ పెడతారు? దేవేంద్ర అవతలి పక్క నుంచి పట్టుకోవచ్చన్నాడు. అవతలి పక్క ఇంకేదో ఉంటుంది కదా అన్నాడు జగన్నాధం.

గజపతినగరంలో పృథ్వీరాజ్ అనే మెకానిక్కు సొంతంగా ఒకటి చేయించాడని విని, ఒకనాడు ఇద్దరూ వెళ్ళి చూశారు. ఇది రెండు కాళ్ళది. ముందొక పలక, వెనకొక పలక, మధ్యలో ఇంజను. చంటిపిల్లకి కట్టిన ఉయ్యాల లాగుంది. బరువు రెండు వైపులా సమంగా ఆనింది. జగన్నాధానికి నచ్చింది, నచ్చిందని చెప్పబోయాడు కూడా. అంతలో ముందు పలక వెనక గేర్లు చెయ్యి దూరకుండా మూసుకుపోయి ఉండడం కనబడింది.

"మరి ఇయ్యి ఎలాగేస్తావు?" అన్నాడు.

"ఆఖర్న కిందికి దించేసి ఏస్తాను," అన్నాడు పృథ్వీరాజ్.

"దించేసి అంటే, నేలమీదేనేటి?"

పృథ్వీరాజ్ నవ్వాడు. నేలమీద కాకపోతే ఆకాశంలో దించుతారా అన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో జగన్నాధం నడుం వెనక తువ్వాలు మడిచి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వెనక పట్టుకుంటే వెనక పని సాగదు. పక్కన పట్టుకుంటే పక్క పని సాగదు. రెండు చివర్లా పట్టుకుంటే రెండూ సాగవు. ఎక్కడ చెయ్యి వేస్తే అక్కడే చెయ్యి దూరకుండా పోతోంది. నేలకి ఈ గొడవ లేదు. నేల దేన్నీ పట్టుకోదు. అలా అనుకుంటూ కళ్ళు తెరిస్తే, పక్క సీటులో దేవేంద్ర ఎడమ చెప్పు విప్పేసి, వాచిన పాదాన్ని రెండో కాలి మీద పెట్టుకుని నొక్కుకుంటున్నాడు. జగన్నాధం మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఇంటికొచ్చాక బుల్లమ్మ చోడి అంబలి గ్లాసు అందిస్తూ ఏం తేలిందని అడిగింది. ఏమీ తేలలేదన్నాడు. ఏం తేలలేదో కూడా అడిగింది. ఎన్నడూ ఇంజను సంగతులు ఆమెకి చెప్పనివాడు, ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని గ్లాసుని ఇంజనులా పట్టుకుని, ఇలా పట్టుకుంటే ఇలా, అలా పట్టుకుంటే అలా అని చెప్పుకొచ్చాడు. అంబలి కొంచెం లుంగీ మీద ఒలికింది.

బుల్లమ్మ అంతా విని, "సంటిదానికి నీలు పోసినప్పుడు కాళ్ళ మీద బోర్లా ఏసుకుంటాం. పట్టుకున్న కాడ రుద్దలేం. అలాగని నీలు పొయ్యడం మానేస్తామేటి? సెయ్యి మార్సుకుంటాం," అంది.

అది జవాబో కాదో జగన్నాధానికి తెలియలేదు. కానీ మర్నాడు పొద్దున్న దేవేంద్రని పిలిచి, రెండు కాళ్ళదే చేద్దాం అన్నాడు. మధ్యలో పనంతా స్టాండు మీద, రెండు చివర్ల పని దించాక. దేవేంద్ర, బావ మనసు మళ్ళీ మారేలోగా అన్నట్టు, అప్పుడే సుద్దముక్క తీసి షెడ్డు నేల మీద బొమ్మ గీశాడు.

మిల్లువాళ్ళు పాత గోదాము పడగొట్టినప్పుడు మిగిలిన గర్డర్లు కాళ్ళకి పనికొచ్చాయి. పలకలు మందంగా కోయించారు. అటూ ఇటూ నెట్టుకోవడానికి చక్రాలు, తిప్పిన చోట ఆపడానికి కంతలూ పిన్నూ పెట్టారు. మొదట ఒక తుక్కు బ్లాకుని ఎక్కించి చూశారు. దేవేంద్ర పిన్ను లాగీ లాగగానే బ్లాకు దానంతటదే గిర్రున తిరిగి తలకిందులై, కాసేపు ఊగి ఆగింది. ఇద్దరూ చెరో పక్కకి గెంతారు. తిరిగే ఇరుసు కన్నా బరువు పైకి ఉండిపోయిందని, పలకల్లో ఇరుసు కంత కొంచెం పైకి తొలవాలని అర్థం కావడానికి ఒక పూట పట్టింది. రెండోసారి బ్లాకు పెట్టిన చోట పెట్టినట్టు నిలిచింది. బుల్లమ్మ వచ్చి రెండు కాళ్ళకీ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఒక కాలికి పెట్టి ఊరుకుంటే రెండోది అలుగుతుందేమోనంది.

ఆ స్టాండెక్కిన మొదటి ఇంజను లక్ష్మణరావుది. పొందూరు అవతల పల్లెలో పేరున్న రైతు. జగన్నాధమూ అతనూ ఒకరినొకరు వరస కలిపి బావా అనుకుంటారు. ఆ చుట్టుపక్కల వరిమళ్ళ దమ్ములన్నీ అతని పెద్ద ట్రాక్టరే చేస్తుంది. వానలు పడేలోగా బండి ఇంటికి రావాలి. షోరూముకి తీసుకెళ్ళమని కొడుకు పోరుతున్నా, కింద సగంలో జగన్నాధం చెయ్యి పడాల్సిందేనని ఇక్కడికే తెచ్చాడు.

పద్ధతి ప్రకారం నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు తువ్వాళ్ళు నడుముకి బిగించి నిలబడ్డారు. లక్ష్మణరావు బ్లాకు మీద అరచెయ్యి ఆనించి "ఊఁ" అన్నాడు. దేవేంద్ర ఒంటి చేత్తో పిడి తిప్పాడు. అంత ఇంజనూ చప్పుడు లేకుండా బోర్లా తిరిగింది. నలుగురు మనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు నడుముకి బిగించిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు, చెమట పట్టకపోయినా.

"మమ్మల్ని టీ తాగడానికి పిలిసినావేటి బావా?" అన్నాడు లక్ష్మణరావు.

జగన్నాధం నవ్వాడు గానీ అతనికీ వాళ్ళలాగే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిలబడి పని చెయ్యడం నడుముకి హాయిగానే ఉంది. కానీ ఇంతకాలం మోకాళ్ళ దగ్గరుండే ఇంజను రొమ్ము ఎత్తుకి వచ్చేసింది. స్పానరు కోసం చెయ్యి నేల మీదికి పోతోంది. అక్కడ స్పానరు ఉండదు, బల్ల మీద ఉంటుంది. పైగా ఇంజను ఒక చోట ఉండదు. కాసేపు బోర్లా, కాసేపు పక్కకి, మళ్ళీ వెల్లకిలా. "మిల్లు వైపు నట్టు తీసీ" అంటే, "ఇప్పటి మిల్లు వైపా, ఇందాకటి మిల్లు వైపా?" అని దేవేంద్ర అడిగేవాడు. వెక్కిరింపుకి కాదు, నిజంగానే. జగన్నాధం ఇంజనుని చూసి, గోడని చూసి, మళ్ళీ ఇంజనుని చూసి, చివరికి వెళ్ళి వేలితో చూపించేవాడు.

స్టాండుని షెడ్డు బయట, చూరు కింద పెట్టి ఇంజనుని విప్పారు. క్యాపుల్ని జగన్నాధం తనే విప్పి, ఎప్పటిలాగే చెక్క మీద వరసగా, మిల్లు అంచు మిల్లు వైపు ఉండేలా పేర్చి, మీద గుడ్డ కప్పాడు. షాఫ్టుని సాన పట్టించడానికి విజయనగరం లేతు షాపుకి పంపారు. అది రావడానికి ముందు ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. దేవేంద్ర కుంటుకుంటూ పరుగెత్తి, స్టాండుని ఒక్కడే లోపలికి నెట్టేశాడు. చక్రాలున్నందుకు అప్పుడు అందరూ సంతోషించారు. జగన్నాధం చెక్కని రెండు చేతులతో పళ్ళెంలా పట్టుకుని, అది ఏ వైపు ఉందో ఆ వైపే ఉండేలా పక్క పక్కకి అడుగులు వేసుకుంటూ లోపలికి తెచ్చి, మిల్లు అంచు మిల్లు వైపే పెట్టాడు.

షాఫ్టు వచ్చిన పొద్దున్న లక్ష్మణరావు కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. షోరూము నుంచి దేవేంద్రకి మళ్ళీ ఫోను వచ్చింది. ఈ ఇంజను అయ్యాక చెప్తానని అతను అనడం జగన్నాధం విన్నాడు. విననట్టే చేతులు కడుక్కుని కింద సగం మొదలుపెట్టాడు. షాఫ్టు ఆనుకుని తిరిగే బేరింగు ముక్కలు పరిచి, నూనె పోసి, షాఫ్టుని దించి, క్యాపులు ఒక్కొక్కటీ చెక్క మీద నుంచి తీసి, మిల్లు అంచు మిల్లు వైపు పెడుతూ బిగించుకొచ్చాడు. మొదటిది బిగించి షాఫ్టు తిప్పి చూశాడు. బరువుగా తిరిగింది. కొత్త బేరింగులు కదా అనుకున్నాడు. రెండోదానికి ఇంకా బరువెక్కింది. మూడోదానికి పూర్తిగా పట్టేసింది.

అన్నీ వదులు చేశాడు. తుడిచాడు. కొలిచాడు. మళ్ళీ బిగించాడు. మళ్ళీ పట్టేసింది. బేరింగుల సైజు తప్పిచ్చారేమోనని చంద్రమౌళికి ఫోను చేసి గట్టిగానే మాట్లాడాడు. పెట్టె మీద అంకె చదవమన్నాడు ఆయన. అంకె సరిగ్గానే ఉంది. అనుమానం లేతు షాపువాళ్ళ మీదికి మళ్ళింది. షాఫ్టు కొలతా సరిగ్గానే ఉంది. తప్పు లేని చోట్లన్నీ తిరిగొచ్చి, అతను ఇంజను ముందు నిలబడ్డాడు. ఎన్నో ఇంజన్లు కట్టిన చేతులు అవేనా కాదా అన్నట్టు చూసుకున్నాడు. ఆ రెండు పలకల మధ్య వేలాడుతున్నది అతనికి తెలిసిన వస్తువులా లేదు.

దేవేంద్ర అవతలి పక్క నిలబడి ఉన్నాడు. ఏదో అనబోయినట్టు ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, చేతిలోని గుడ్డతో పిడి తుడిచాడు.

"దించీ," అన్నాడు జగన్నాధం.

"ఏటి?"

"దీన్ని కిందికి దించీ. టైర్లు పరిసీ. నేలమీద కడతాను."

దేవేంద్ర చేతిలో గుడ్డని మడిచి స్టాండు కాలి మీద పెట్టాడు. మూలనున్న చైన్ పుల్లీ దగ్గరికి వెళ్ళి, గొలుసు లాక్కొచ్చి, కొక్కేన్ని బ్లాకుకి తగిలించాడు. తర్వాత గోడవారగా దొంతి పెట్టిన టైర్లలో పైదాన్ని తీసి నేల మీద పడేశాడు. నీళ్ళ బిందెతో లోపలికి వస్తున్న బుల్లమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. టైరుని చూసింది, తమ్ముడి పాదాన్ని చూసింది. బిందె దించలేదు.

స్టూలు మీద లక్ష్మణరావుకి ఇదేమీ తెలియదు. పొద్దున్నుంచీ కూర్చుని కూర్చుని విసుగెత్తి, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"దాపటి ఎద్దుని వలపల కట్టినట్టున్నాది దీని వాలకం. మా నాన్న కాడ ఒక జత ఉండీది. ఏడేళ్ళు ఒకటి ఎడం పక్కే, ఒకటి కుడి పక్కే నడిసినాయి. ఓపాలి పాలేరు మరిసిపోయి అటుదిటు కట్టీసినాడు. ఏటి సేసినా అడుగు కదపనేదు. కర్ర ఇరిగినాది గానీ అయి కదల్నేదు."

కొక్కెం సరిచేస్తున్న జగన్నాధం చెయ్యి ఆగింది.

తిరిగి కిటికీలోంచి చూశాడు. మిల్లు గోడ కనబడింది. స్టాండు పిడి చూశాడు. పిడి రోడ్డు గుమ్మం వైపు ఉంది. బయట చూరు కింద ఉన్నప్పుడు పిడి ఎటు ఉండేది? అతను షెడ్డు బయటికి నడిచి, స్టాండు మొన్న ఉన్న చోట తనే స్టాండులా నిలబడ్డాడు. మిల్లు వైపు ఒక చెయ్యి చాపాడు. వాన వచ్చినట్టు, దేవేంద్ర నెట్టినట్టు, గుమ్మంలో దూరడానికి తిరిగినట్టు, తను కూడా అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగి లోపలికి వచ్చాడు. వచ్చేసరికి మిల్లు వైపు చాపిన చెయ్యి గోడల మీదుగా తిరిగి రోడ్డు వైపు తేలింది. ముగ్గురూ చూస్తుండగా అలా చెయ్యి చాపుకునే కాసేపు నిలబడ్డాడు.

లోపలికి వస్తూ ఇంజను తిరిగిపోయింది. చెక్క మీద క్యాపులు తిరగలేదు, తను తిరగనివ్వలేదు.

వంగి లైటు వేసి చూశాడు. ప్రతి బేరింగు ముక్కకీ అంచున ఒక చిన్న చెవి ఉంటుంది. బ్లాకులో ముక్క చెవీ క్యాపులో ముక్క చెవీ ఒకే పక్కకి రావాలి. ఇక్కడ ఒకటి ఇటూ, ఒకటి అటూ, ఒకదాని మొహం ఒకటి చూడనట్టు ఉన్నాయి. పొద్దున్నుంచీ అలాగే ఉన్నాయి. కళ్ళు చూసే ఉంటాయి. మిల్లు చెప్పింది కదా అని తను చూడలేదు.

తలెత్తేసరికి ఎదురుగా దేవేంద్ర.

"నీకు తెల్సేటి?"

"పొద్దున్న అనుమానమొచ్చినాది."

"మరి సెప్పవేటి?"

దేవేంద్ర గొలుసు వైపు చూస్తూ అన్నాడు. "కింద సగం నీది కదా బావా. నానేటి సెప్తాను?"

జగన్నాధం, వరస ఎటు తిరిగినా చోటు మారని మధ్య క్యాపు బోల్టులు విప్పి, దాన్ని తీసి, అటుదిటు తిప్పాడు. అరచేతిలో అది ఎప్పటిలాగే బరువుగా, చల్లగా, రెండు పక్కలా ఒకేలా ఉంది. మళ్ళీ తిప్పాడు. ఏది ఏ పక్కో ఒక క్షణం మళ్ళీ తెలియకుండా పోయింది. వెతికి చెవి ఎక్కడుందో చూసుకుని, అప్పుడు పెట్టి బిగించాడు. మిగిలినవన్నీ వదులు చేసి షాఫ్టుని వేలితో తోశాడు. నూనెలో మునిగిన బరువంతా మెల్లగా కదిలి, ఒక చుట్టు తిరిగి, ఇంకా తిరగబోతున్నట్టు ఆగింది.

లక్ష్మణరావు స్టూలు మీద నుంచి లేచాడు. "మరింకేటి, మిగతాయి కూడా ఏసీ. నీ సెయ్యి పడిందంటే నాను ఊరెల్లి నిద్దరోతాను," అన్నాడు.

జగన్నాధం కొక్కెం ఊడదీసి గొలుసుని వెనక్కి వదిలాడు. నేల మీదున్న టైరుని కాలితో గోడ వైపు దొర్లించాడు. స్పానరుని గుడ్డతో తుడిచి, స్టాండు మీదుగా దేవేంద్రకి అందించాడు. తర్వాత లక్ష్మణరావుతో, బుల్లమ్మకి కూడా వినబడేలా అన్నాడు.

"కింద సగం దేవేంద్ర కడతాడు బావా. ఈ ఇంజనే కాదు, ఇకమీదట అన్నీ. నాను నట్లు అందిస్తాను."